నలభై ఒకటో తొడిమ

యార్డుకి సెలవిచ్చిన రోజు కూడా
ఘాటు సెలవు తీసుకోదు.
కాటా గొలుసుల్లో, గోనెపట్టాల్లో, నా చొక్కా కాలర్లో
ఏళ్ళ తరబడి కాపురముంటోంది.

గుంటూర్లో కొత్తమాసు వారి కొట్టు గుమాస్తాని నేను.
మిరప టిక్కీ భుజం దిగినప్పుడల్లా
హమాలీ చేతిలో ఒక ఇత్తడి బిళ్ళ.
పొద్దుగూకాక బిళ్ళలు లెక్కపెట్టి డబ్బు.
మాటలక్కర్లేదు.
దగ్గు మధ్యలో ఎవడు మాట్లాడతాడు?

ఎక్కడో చదివాను.
రెండు నదుల నడుమ ఎండిన దేశంలో
అయిదారువేల ఏళ్ళ కిందట నాలాంటివాడొకడు
గొర్రెకో మట్టి బిళ్ళ, గింజల కుంచానికో మట్టి గోళీ చేసి
అవి చెదిరిపోకుండా మట్టి ఉండలో పొదిగి
పైన ముద్ర కొట్టేవాడట.
లోపల ఎన్నున్నాయో తెలియాలంటే
ఉండ పగలాలి.
పగిలితే సాక్ష్యం పోతుంది.
అందుకని తడారకముందే
ఒక్కోదాన్నీ ఉండ పైన ఒకసారి అద్దాడు.
కొన్నాళ్ళకి ఎవరికో తట్టింది:
పైన గుర్తులుండగా లోపల గోళీలెందుకు?

అదీ అక్షరానికి పురుడు.
పాట కోసం కాదు, పూజ కోసం కాదు,
ఎవడు ఎవడికి ఎన్ని గొర్రెలు బాకీ
అని మొదటి ఏడుపు ఏడ్చింది.

మా అమ్మకి చెబితే ఆశ్చర్యపోలేదు.
పాల సోలకో సున్నపు బొట్టు చొప్పున
తలుపు వెనక నెలంతా పెట్టుకున్న మనిషి.
"నేను మర్చిపోతానని కాదురా గుర్తు పెట్టింది,
ఎదుటివాడు మర్చిపోతాడని."

ఆ ఏడు బొల్లాపల్లి నుంచి హనిమిరెడ్డి సరుకు దిగింది.
తాలు తక్కువ, రంగు నిండు.
కొనేవాడూ అమ్మేవాడూ కండువా కింద చేతులు కలిపారు.
ఆ చీకట్లో వేళ్ళు ఏం మాట్లాడుకున్నాయో
పక్కనున్న నాక్కూడా తెలియదు.
ఏసోబు మోస్తున్నాడు.
ఆ రోజు బిళ్ళలు చాల్లేదు.
"చిట్టాలో గీతలు గీస్తాలే" అన్నాను.
సరేనన్నాడు.

సాయంత్రానికి నా గీతలు నలభై.
ఏసోబు నలభై ఒకటన్నాడు.
రొంటి ముడి విప్పాడు.
తొడిమలు.
టిక్కీకొకటి, రాలినవి ఏరి దోపుకున్నాడు.
నేల మీద పదేసి పదేసి పరిచాడు.
నాలుగు కుప్పలు,
పక్కన ఒంటరిగా ఒకటి.

శెట్టిగారు తొడిమల వంక చూళ్ళేదు.
"చిట్టా ఏమంటోంది?"
చిట్టా నలభై అంది.
మధ్యాహ్నం ఒక దగ్గు తెర కమ్మి
కళ్ళనీళ్ళలో పేజీ కనపడలేదని
చిట్టా చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.
ఏసోబు తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు.
ఆ దులుపుడుకి నేనే తుమ్మాను.

నిన్న మనవరాలు పాఠం చూపించింది.
సీసపు నాణెం, దాని మీద తెరచాపల ఓడ.
మన కృష్ణలోంచే సముద్రానికి పోయేవట, ధరణికోట రేవు దాటి.
భట్టిప్రోలు రాతి భరిణె మీద
నిగమం వాళ్ళ పేర్లు వరసగా చెక్కి ఉన్నాయట.
"అప్పుడు కూడా మిర్చి ఎగుమతేనా తాతా?"
లేదమ్మా, మిరప తర్వాతెప్పుడో ఓడ దిగిన పరాయి కాయ.
అప్పట్లో ఘాటంటే మిరియం.
"మరి మూటలు మోసినవాళ్ళ పేర్లు ఏ రాయి మీదున్నాయి?"
నాకు దగ్గొచ్చింది.

ఇప్పుడు కాటా తనే తూస్తుంది, తనే రాస్తుంది.
టిక్కీకో నంబరు, ఫోన్లో చీటీ.
దానికి దగ్గు రాదు.
తప్పయిందని చెప్పే నోరూ లేదు.

ఆ ఒక్క తొడిమని మాత్రం
ఆనాటి పేజీలోనే ఉంచాను.
చుట్టుగుంటలో వాకబు చేశాను ఓసారి.
ఏసోబు వాళ్ళు ఇల్లు మారి చాన్నాళ్ళయిందన్నారు.
అసలు రెండు రూపాయల పావలా.
వడ్డీ ఏ లెక్కన కట్టాలో,
లెక్కలే బతుకైన నాకు
ఇంకా తేలలేదు.